నా కళ్ళముందే మింగాడు

జూలై 9, 2024

ఈ డైరీ ఆఫీసు వాళ్ళిచ్చింది. ఆశా వర్కర్లందరికీ తలా ఒకటి పంచారు. గర్భిణుల పేర్లకీ టీకాల తేదీలకీ వేరే రిజిస్టర్లు సవాలక్ష ఉన్నాయి కాబట్టి ఇది బీరువాలో అట్ట నలగకుండా పడి ఉంది. ఎవరితోనూ అనలేనివి ఇందులో రాద్దామని ఇవాళ తీశాను. తీశాక ఏం రాయాలో తోచలేదు. అంత పెద్ద రహస్యాలు నాకేమున్నాయి గనక.

తమ్ముడికి దగ్గు తగ్గలేదు. ఉన్నది అదొక్క దిగులే. మూడు వారాలైంది. పగలు బాగానే ఉంటాడు. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు మీద వాడి పని. మోకులు విసురుతాడు, బళ్ళు ఎక్కిస్తాడు, ఎక్కినవాళ్ళందరితో పరాచికాలాడతాడు. రాత్రి పడుకున్నాడంటే మొదలు. మా రెండు వాటాలకీ మధ్య ఒక్కటే గోడ. దగ్గి దగ్గి ఆగుతాడు, ఆగాక ఛాతీలోంచి పిల్లికూతలు వినిపిస్తాయి. హారతి లేచి వేణ్ణీళ్ళు కాస్తుంది. అసలే దానికి మూడో నెల.

పొద్దున్న అడిగాను, "ఏంట్రా తాతాజీ ఆ దగ్గు" అని.

"గోదారి గాలక్కా."

"ఇరవయ్యారేళ్ళ నుంచి పీలుస్తున్న గాలి ఇప్పుడు పడకుండా పోయిందా?"

నవ్వాడు. నవ్వితే మళ్ళీ దగ్గొచ్చింది.

అమ్మ పోయినప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు, నాకు ఇరవై. పెళ్ళికి నేను పెట్టిన షరతు ఒక్కటే, తమ్ముడు నాతోనే ఉంటాడని. మా ఆయన చిట్టియ్య అప్పుడూ సరే అన్నాడు, ఇప్పుడూ సరే అంటాడు. నెలలో ఇరవై రోజులు సముద్రం మీదుండే మనిషికి కాదనే తీరికెక్కడిది.

జూలై 21

ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. పెళ్ళినాటి చొక్కా భుజాల మీద వేలాడుతోంది.

జూలై 30

ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కళ్ళె రెండుసార్లు పరీక్ష చేశారు, టీబీ లేదని వచ్చింది. ఎక్స్‌రేలో మాత్రం ఊపిరితిత్తుల నిండా చల్లినట్టు మచ్చలున్నాయి. కొత్తగా వచ్చిన డాక్టరు లోకనాథ్ గారు దాన్ని కిటికీకేసి పెట్టి చాలాసేపు చూశారు.

"రాత్రిపూటే దగ్గు. పిల్లికూతలు. కళ్ళెలో ఏమీ లేదు. ఈ ప్రాంతంలో ఇలా అంటే నాకు ముందు ఫైలేరియా గుర్తొస్తుందండి," అన్నారు.

"ఫైలేరియా అంటే బోదకాలే కదండి. వీడి కాళ్ళు శుభ్రంగా ఉన్నాయండి," అన్నాను.

తమ్ముడు లుంగీ మోకాళ్ళ దాకా ఎత్తి చూపించాడు. "కొంగ కాళ్ళండి," అన్నాడు. డాక్టరు గారికి కూడా నవ్వొచ్చింది.

"పేరులో కాలు ఉందని అది కాలికే రావాలని లేదయ్యా. కొంతమందికి ఆ పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి. ఊపిరి పట్టేస్తుంది." ఆయన కలం తీసుకుని రక్తపరీక్ష చీటీ మీద వీడి పేరు రాయడం మొదలుపెట్టారు. రాస్తూనే నన్నడిగారు. "ఏటా పంచే బోదకాలు మాత్రలు మింగుతున్నాడా?"

నా పక్కనే వీరవేణి గారు నిలబడి ఉన్నారు. ఏఎన్ఎం ఆవిడ, మాకు పైన. నా రిజిస్టర్ల మీద సంతకం ఆవిడదే.

"మింగుతున్నాడండి. ఏటా. నా కళ్ళముందే," అన్నాను.

తమ్ముడు నావైపు చూశాడు. 

"అయితే దాన్ని పక్కన పెడదాం," అని డాక్టరు గారు ఆ చీటీ పక్కకి జరిపారు. కళ్ళెలో కనబడని టీబీ కూడా ఉంటుందట. ఆరు నెలలు మందులు వాడాలి.

మింగాడు. రిజిస్టర్లో ఉంది. వేలికి గుర్తు కూడా పెట్టాను. మింగినట్టే.

ఆగస్టు 4

టీబీ మాత్రలు మొదలు. రోజూ పరగడుపున నా ఎదురుగా మింగాలి. మింగాక నాలుక ఎత్తి చూపించమంటున్నాను. "నేనేమన్నా చిన్నపిల్లోడినా అక్కా" అని విసుక్కుంటూనే చూపిస్తున్నాడు. ఈ విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు. ఒక్క రోజు తప్పనివ్వను.

బోదకాలు మాత్రలకీ ఇదే నియమం. ఫిబ్రవరిలో ఇల్లిల్లూ తిరిగి, అన్నం తిన్నాక, తెల్లవి మూడు, నమిలేది ఒకటి, మా ఎదురుగా మింగించాలి. గుమ్మంలో చేతిలో పెట్టి వచ్చేయకూడదు. మింగాక ఎడమచేతి చూపుడువేలికి సిరా గుర్తు, ఓట్లప్పుడు పెట్టినట్టు. మా పేటలో నాలుగేళ్ళుగా నూటికి నూరు మంది మింగారు. మండలంలో ఇంకెవరికీ అలా లేదు. సర్టిఫికెట్ ఇచ్చారు. లామినేషన్ చేయించి టీవీ పైన పెట్టాను.

ఇవాళ దాన్ని తుడిచాను. ఎందుకో వీపు తిప్పి పెట్టాలనిపించింది. మళ్ళీ మామూలుగానే పెట్టేశాను.

ఆగస్టు 27

హారతి అడిగింది, "మాత్రలు పడతన్నాయి కదా వదినా, మరి దగ్గు తగ్గదేంటండి?" అని. రెండు నెలలు పడుతుందన్నాను. నాకు తెలిసినట్టే చెప్పాను.

సెప్టెంబరు 15

పేటలో మాట పాకింది. పాకించినవాళ్ళు వేరే లేరు, రోజూ పొద్దున్నే మాత్రల డబ్బా పట్టుకుని తమ్ముడి గుమ్మం ఎక్కేది నేనే కదా. అవి టీబీ మాత్రలని చూసినవాళ్ళందరికీ తెలుసు, వాళ్ళకి చెప్పిందీ నేనే.

అవతలి ఒడ్డు నుంచి హారతి వాళ్ళ నాన్న పెదబాబు గారు వచ్చారు. అంతర్వేది దగ్గర వాళ్ళది చేపల చెరువుల పని. వచ్చి అరుగు మీద కూడా కూర్చోలేదు.

"పిల్లని తీసుకెళ్తన్నానమ్మా."

"మావయ్య గారూ, మందులు మొదలెట్టి నెల దాటిందండి. ఇంక అంటుకోదండి. నేను రాసిస్తాను కావాలంటే."

"చూడమ్మా సూర్యకళా. ఆస్పత్రి సంగతులు నీకు తెలిసినంత నాకు తెలవవు. కడుపుతో ఉన్న పిల్ల సంగతి నాకు తెలుసు. నయం అయ్యాక వచ్చి తీసుకెళ్ళమను. నేను వద్దంటానా?"

హారతి బట్టల సంచి ఒకటే పట్టుకుంది. లేసు అల్లుకునే సూదుల డబ్బా వదిలేసింది. "మళ్ళీ వచ్చేదాన్నే కదా" అంది, ఎవరితోనో తెలియదు. తమ్ముడు రేవు దాకా వెళ్ళాడు. వాడు పనిచేసే పంటే. రోజూ వాడు విసిరే మోకు ఇవాళ ఇంకొకడు విప్పాడు. పంటు నడి గోదావరి దాటేదాకా నిలబడి, వెనక్కొస్తూ దారిలో మూడుచోట్ల ఆగాడు. ఆయాసం.

సెప్టెంబరు 16

టీబీ అని వెళ్ళిపోయిందే గాని, టీబీ కాకపోతే.

సెప్టెంబరు 17

నిన్న రాసింది అనవసరం. డాక్టరు గారి కంటే నాకెక్కువ తెలుసా?

అక్టోబరు 8

పని మానేశాడు. వాడు మానలేదు, మేస్త్రీయే వద్దన్నాడు. మోకు లాగుతూ కూలబడ్డాడట. ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చుని పంటు హారను మోగినప్పుడల్లా టైము చెబుతున్నాడు. "ఇది పదకొండుది. ఐదు నిమిషాలు లేటు."

అక్టోబరు 20

హారతి లేసు డబ్బా తెరిచాను. సగం అల్లిన టేబుల్ క్లాత్ పంపమని ఫోను చేసింది, సూదులు కూడా పంపుదామని. సూదుల కింద రెండు కాగితం పొట్లాలున్నాయి. ఒక్కోదాంట్లో తెల్లవి మూడు, నమిలేది ఒకటి. పెన్సిలుతో ఏడాది కూడా రాసి ఉంది. ఎవరివో.

క్లాత్, సూదులు పంపాను. పొట్లాలు నా దగ్గర పెట్టుకున్నాను.

నవంబరు 3

ఎవరివో అని రాశాను. నా డైరీలో నేనే.

ఇల్లు ఖాళీగా ఉంది. మా ఆయన వేటకెళ్ళాడు. రాసేస్తాను.

ఐదేళ్ళ కిందట మొదటిసారి తమ్ముడికి బోదకాలు మాత్రలు నేనే మింగించాను. ఆ సాయంత్రమే వణుకుతూ జ్వరం వచ్చింది. మర్నాడు పంటు మీద కళ్ళు తిరిగి, బళ్ళెక్కించే పలకకీ గట్టుకీ మధ్య సందులో నీళ్ళలో పడిపోయాడు. తోటివాళ్ళు చొక్కా పట్టుకుని లాగారు గనక సరిపోయింది. తడిబట్టలతో ఇంటికొచ్చి, "ఇంకోసారి ఆ మాత్రలు పెట్టావంటే నీ ఇంట్లో అన్నం తినను" అన్నాడు. వాడు మునిగిన ఆ క్షణం తలుచుకుంటే నాకు వారం రోజులు ముద్ద దిగలేదు.

తరువాతి ఏడు రిజిస్టరు పట్టుకుని వెళ్తే ఎడమచెయ్యి చాపాడు. "ముందు గుర్తు పెట్టేసెయ్యక్కా. సాయంత్రం అన్నం తిని వేసుకుంటాలే." పెట్టేశాను. సాయంత్రం అడగలేదు. ఆ పై ఏడు నేనే ముందు సిరా తీశాను. అలా నాలుగేళ్ళు. హారతి వచ్చాక గూట్లో పడి ఉన్న మాత్రలు అది పొట్లం కట్టి దాచిందన్నమాట, పారేస్తే పాపమని.

ట్రైనింగులో చెప్పింది నాకు కంఠతా వచ్చు. మాత్ర మింగాక జ్వరం వచ్చిందంటే, కళ్ళు తిరిగాయంటే, ఒంట్లో పురుగు ఉందని అర్థం, మందు దాని మీద పనిచేస్తోందని అర్థం, అలాంటివాళ్ళే ముఖ్యంగా మానకూడదు. మా పేటలో వీరదుర్గ వాంతి చేసుకుని ఏడిస్తే పక్కన కూర్చుని గంటసేపు ఇదే చెప్పి మరుసటేడు మళ్ళీ మింగించాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను.

రేపు డాక్టరు గారికి చెప్పేస్తాను.

నవంబరు 4

వెళ్ళాను. వీరవేణి గారు ఉన్నారు.

నవంబరు 11

వెళ్ళాను. డాక్టరు గారు ఒక్కరే ఉన్నారు. గర్భిణుల లిస్టు ఇచ్చి వచ్చేశాను.

నవంబరు 26

"ఆరు నెలలు నిండనివ్వండి, కొందరికి నెమ్మదిగా తగ్గుతుంది" అన్నారు డాక్టరు గారు. ఆయనే అలా అన్నాక నేనేం చెప్పను?

డిసెంబరు 19

తమ్ముడు ఇవాళ నాలుక ఎత్తి చూపిస్తూ, "ఇయ్యి మాత్రం బాగా చూత్తావక్కా" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. మామూలుగానే అన్నాడు. నేను గ్లాసు కడగడానికి లేచిపోయాను.

జనవరి 22, 2025

ఆడపిల్ల. పొద్దున్న ఆరింటికి. తల్లీబిడ్డా క్షేమం. హారతి ఫోటో పంపింది. తమ్ముడు ఫోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, వెలుతురులోకి వెళ్ళి చూశాడు.

"ముక్కు నీదేనక్కా."

వెళ్ళి చూసొస్తానని చొక్కా వేసుకున్నాడు. పెదబాబు గారికి ఫోను చేస్తే ఆయన మర్యాదగానే చెప్పారు, "పసిగుడ్డు కదయ్యా. ఆ మందుల కోర్సేదో అవ్వనీ" అని. చొక్కా విప్పకుండా సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాడు.

నేను ఒక్క మాట అంటే చాలు. ఒక్క మాట.  వాడికి ఊపిరి ఆగినట్టు నాకు మాట ఆగుతోందని రాయబోయాను. సిగ్గుండాలి నాకు.

ఫిబ్రవరి 10

మాత్రల రౌండు. మా పేటతో మొదలుపెట్టాను. జబ్బుతో ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదని నియమం. తాతాజీ పేరు ఎదురుగా 'అనారోగ్యం, ఇవ్వలేదు' అని రాశాను. ఐదేళ్ళలో వాడి పేరు ఎదురుగా నేను రాసిన మొదటి నిజం. కావలసిన మందు సంచీలో పెట్టుకుని వాడి గుమ్మం దాటి వచ్చేశాను.

మార్చి 6

ఆరు నెలలూ నిండి ఇంకో నెల కూడా అయింది. ఏమీ తగ్గలేదు. లోకనాథ్ గారు తలపట్టుకుని రాజమండ్రి రాసిచ్చారు, ఛాతీ డాక్టరమ్మకి.

ధవళేశ్వరం దగ్గర బస్సు ఆగితే తమ్ముడు ఆనకట్టకేసి చూస్తూ, "మన పంటు ఇక్కడ పనికిరాదక్కా, నీళ్ళు లేవు" అన్నాడు. అంత చిన్న మాట అనడానికి రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

డాక్టరమ్మ పెద్దావిడ. ఎక్స్‌రేలు వరుసగా పెట్టుకుని, ఊరేదని అడిగి, వెంటనే అదే ప్రశ్న వేసింది. "బోదకాలు మాత్రలు ఏటా మింగాడా?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పడానికి తెరిచానో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

"లేదండి," అన్నాడు తమ్ముడు. "ఎప్పుడో ఒకసారి మింగానండి. పడలేదండి. తర్వాత మింగకుండా దాచేశానండి. మా అక్కకి తెలీదండి."

"మీ అక్క ఏం చేస్తుంది?"

"ఆశా వర్కరండి."

ఆవిడ వాణ్ణి తిట్టింది. ఊరందరికీ మందు మింగించే అక్కని మోసం చేశావు, ఫలితం చూశావా అని తిట్టింది. తలదించుకుని తిట్లన్నీ పడ్డాడు. నేను పక్కనే కూర్చున్నాను. మాట్లాడలేదు. ఈ వాక్యం ఇంకోసారి రాస్తున్నాను. నేను పక్కనే కూర్చుని మాట్లాడలేదు.

రక్తంలో ఒక రకం కణాలు ఉండవలసినదానికి పది రెట్లు ఉన్నాయట. ఫైలేరియానే. ఊపిరితిత్తుల్లోది. "రాత్రి రక్తం తీసి చూసినా పురుగు కనబడదు వీళ్ళకి. లోపలే చిక్కుకుంటుంది. అందుకే ఆస్తమా అనో టీబీ అనో తిరుగుతుంటారు," అంది. మందేమిటో తెలుసా? అవే. ఆ తెల్ల మాత్రలే. రోజుకి మూడు పూటలా, ఇరవయ్యొక్క రోజులు.

"నయమవుతుందా అండి?" అని అడిగింది నేనే. గొంతు అప్పుడొచ్చింది.

"దగ్గు పోతుంది. ఊపిరితిత్తులు కొంత గట్టిపడిపోయాయి. మొన్న జూలైలోనే వచ్చుంటే ఇంత అయ్యేది కాదు."

జూలై ముప్ఫై.

మార్చి 8

మొన్న తిరిగొస్తూ బస్సులో అడిగాను, ఎందుకలా చెప్పావురా అని. కిటికీలోంచి చూస్తూ, "నీ ఉద్యోగం పోద్దిగా" అన్నాడు. మళ్ళీ వాడే, "అమ్మ పోయినప్పుడు నాకు జ్వరమొస్తే నువ్వు పరీక్ష రాయకుండా ఇంట్లో ఉండిపోలేదా" అన్నాడు. నాకది గుర్తే లేదు.

మార్చి 16

తొమ్మిదో రోజు. నిన్న రాత్రి గోడ అవతల చప్పుడు లేదు. భయపడి లేచి వెళ్ళి చూశాను. నిద్రపోతున్నాడు.

మార్చి 30

ఇరవయ్యొక్కా అయ్యాయి. దగ్గు లేదు. మనిషి కాస్త తేరుకున్నాడు. కానీ రేవు దాకా నడవలేకపోతున్నాడు. సగంలో విద్యుత్ స్తంభం పట్టుకుని నిలబడతాడు. "తగ్గిపోద్దక్కా, ఇంకో నెల" అని నాకే ధైర్యం చెబుతున్నాడు. తగ్గదని డాక్టరమ్మ నాకు విడిగా చెప్పింది. మోకు లాగే పని ఇంక జన్మలో వద్దంది.

ఏప్రిల్ 9

లోకనాథ్ గారికి చెప్పాను. వీరవేణి గారు ఉండగానే చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయారు.

డాక్టరు గారు కోప్పడతారనుకున్నాను. ఆయన జూలైలో పక్కకి జరిపిన చీటీ గుర్తొచ్చిందేమో, బల్ల మీది చీటీల కట్ట దగ్గరికి లాక్కున్నారు. తరువాత ఒక్కటే అడిగారు. "ఇంకెన్ని ఇళ్ళలో అమ్మా?"

ఇంకెక్కడా లేవండి అన్నాను. అన్నాక ఆలోచించాను. పేటలో చిన్నమ్మాయి అనే ఆవిడ కొడుకు బడికి టైమైందంటే గుర్తు పెట్టి పంపేశాను. తలుపులమ్మ మొగుడు తాగి పడుకుంటే నిద్రలోనే వేలికి రాశాను. "ఏడుగురండి," అన్నాను. ఇంటికొచ్చేసరికి పదకొండయ్యారు.

ఏడుగురికనుకున్న రక్తపరీక్ష చీటీలు పదకొండు రాయించుకుని రేపటి నుంచి ఇల్లిల్లూ తిరగాలి. ఉద్యోగం సంగతి పైవాళ్ళు చూస్తారట. సర్టిఫికెట్ టీవీ మీంచి తీసి బీరువాలో పెట్టాను, ఈ డైరీ ఉన్నచోట.

ఏప్రిల్ 20

పంటెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళాను. తమ్ముడికి చెప్పలేదు.

పెదబాబు గారు కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. హారతి పిల్లనెత్తుకుని గుమ్మంలో నిలబడింది. ముక్కు నిజంగా నాదే. అది టీబీ కాదని చెప్పాను. అప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి. అక్కడితో ఆపేసి రావచ్చు. ఆపలేదు. మాత్రలు వాడు మింగలేదని, మింగలేదని నాకు తెలుసని, డాక్టరు అడిగితే మింగాడని అబద్ధమాడానని, పొట్లాలు దొరికాక కూడా ఐదు నెలలు నోరు మెదపలేదని, రాజమండ్రిలో వాడు నా తప్పు నెత్తినేసుకుంటే చూస్తూ కూర్చున్నానని, అన్నీ చెప్పాను.

పెదబాబు గారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. అల్లుణ్ణి గుమ్మం తొక్కొద్దన్న మనిషి ఆయన. ఆయన ఏడుపు నేను విన్నాను.

హారతి పిల్లని భుజం మార్చుకుంది. "ఆ పొట్లాలు కట్టింది నేనే వదినా. మీకు చెబుదామనుకున్నాను. మళ్ళీ, ఆశా వర్కరు మీరే కదా, మీకు తెలవకుండా ఉంటదా, ఏదో కారణం ఉండే ఉంటదిలే అనుకున్నాను."

మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాను.

"వదినా, నాకు మీ మీద కోపం లేదని చెప్పలేను. ఉంది. మీరు ఆయన్ని కాపాడదామనుకున్నారు. ఆయన మిమ్మల్ని కాపాడారు. అక్కాతమ్ముళ్ళు ఒకళ్ళనొకళ్ళు కాపాడుకుంటా ఉంటే మధ్యలో ఈ పిల్లేమైపోవాలండి?"

తరువాత మెల్లగా చెప్పింది. ఆయన ఇక్కడికే వచ్చెయ్యాలి. చెరువు గట్టు మీద కూర్చుని లెక్క చూసుకునే పని నాన్న ఇప్పిస్తారు. తను మాత్రం ఆ ఇంటికి రాదు. ఆ గోడ పక్కన ఉండలేదు.

వచ్చేటప్పుడు పిల్లనెత్తుకోమని ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ఏప్రిల్ 21

తమ్ముడితో చెప్పాను. "ఎందుకు చెప్పావక్కా. నేను చూసుకుందును కదా," అన్నాడు. ఆ తరువాత పాప గురించే అడిగాడు. ఎంతుంది, ఎవరిని చూస్తే నవ్వుతోంది, జుట్టు ఉందా. నాకు తెలిసింది చెప్పాను. తెలియనివి కూడా కొన్ని చెప్పాను. ఉంగరాల జుట్టన్నాను. అసలు టోపీ పెట్టి ఉంది.

మే 11

ఇవాళ వెళ్ళిపోయాడు.

ఒంటిగంట పంటు. ఎండగా ఉంది. పాత జతగాళ్ళు వాడి కోసం ఇంజను పక్కన నీడలో కుర్చీ వేశారు. వాడి సంచి నేనే మోశాను, మొయ్యనిచ్చాడు. గట్టు మీద నిలబడి ఏదో ఒకటి అనాలని చూస్తున్నాం ఇద్దరం.

"వేళకి తినరా."

"ఊఁ."

"మెట్లెక్కకు."

"అక్కా. నేను కోపంతో ఎల్లట్లేదు."

"తెలుసు."

"నీ మీద నాకు కోపం రాదు. రమ్మన్నా రాదు. అందుకే ఎల్తన్నాను," అన్నాడు.

నాకు అర్థమైంది. నేను పక్కనుంటే వాడు మళ్ళీ ఎడమచెయ్యే చాపుతాడు, నేను మళ్ళీ సిరా తీస్తాను. మా ప్రేమ అలాంటిది.

మోకు వదిలారు. వాడు కుర్చీలోంచి లేవబోయి కూర్చున్నాడు. చెయ్యి ఊపడానికి మాత్రం ఊపిరి చాలింది.

మే 12

పంటు హారను మోగినప్పుడల్లా టైము చూస్తున్నాను.

జూన్ 2

నన్ను తీసేయలేదు. మందలించి, పేట మార్చారు. కొన్నాళ్ళకి మళ్ళీ మా పేటే ఇచ్చారు, ఇంకెవరూ రాక. ఆ పదకొండు మంది రక్తపరీక్షలూ వచ్చాయి. ఇద్దరికి ఉంది. ఇద్దరికీ కాళ్ళూ బానే ఉన్నాయి, ఊపిరీ బానే ఉంది. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి. తలుపులమ్మ నా చేతులు పట్టుకుని దణ్ణం పెట్టబోయింది. వద్దన్నాను. కారణం చెప్పాను. ఆమె చేతులు వదిలేసింది.

సెప్టెంబరు 14

హారతి ఫోను. పాప కూర్చుంటోందట. తమ్ముడు ఎలా ఉన్నాడంటే, "ఉన్నారండి. చెరువు గట్టు చివరి దాకా ఎల్లి రాగలుగుతున్నారు. రెండుసార్లు ఆగి," అంది. ఫోను వాడికివ్వలేదు. నిద్రపోతున్నారంది. పగలు పదకొండింటికి.

ఫిబ్రవరి 10, 2026

మాత్రల రౌండు. ఈసారి రోజుకి పదిహేను ఇళ్ళే తిరుగుతున్నాను. అన్నం తినేదాకా గుమ్మంలో కూర్చుంటున్నాను. లోవలక్ష్మి వాళ్ళాయన "గుర్తు పెట్టేసి ఎల్లవమ్మా, నేను మింగుతాలే" అన్నాడు. వాడి కంచం ఖాళీ అయ్యేదాకా గంటంబావు కూర్చున్నాను. తిట్టుకుంటూ మింగాడు.

ఈ ఏడు నూటికి డెబ్భై ఎనిమిదొచ్చేలా ఉంది. వీరవేణి గారు అంకె చూసి సంతకం పెట్టారు.

రిజిస్టర్లో తమ్ముడి పేరు ఇంకా మా ఇంటి కిందే ఉంది. దాని ఎదురుగా 'ఊళ్ళో లేడు' అని రాశాను. 

ఫిబ్రవరి 12

మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుంటే ఫోను మోగింది. హారతి వీడియో పంపింది. నిమిషం కూడా లేదు. కింద రాసింది, "ఇక్కడి ఆశా అమ్మాయి దగ్గర సిరా అయిపోయిందంట వదినా. అయినా మీకు చూపించమన్నారు."

చెరువు గట్టు మీద కుర్చీ. తమ్ముడు. ఒళ్ళో పాప, వాడి చొక్కా గుండీ లాగుతోంది. జుట్టు నిజంగానే ఉంగరాలు. ముందు ఎడమచెయ్యి ఎత్తి చూపుడువేలు చూపించాడు. గుర్తు లేదు. తరువాత మాత్రలు అరచేతిలో పెట్టి చూపించాడు, తెల్లవి మూడు, నమిలేది ఒకటి. ఒకటి వేసుకుని నీళ్ళు తాగాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. రెండోది వేసుకున్నాడు. ఆగాడు. మూడోది వేసుకుని ఇంకా ఎక్కువసేపు ఆగాడు, భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి, పాప వాడి ముఖంలోకి చూస్తోంది. నాలుగోది నమిలి మింగాడు. అప్పుడు నోరు తెరిచి, నాలుక ఎత్తి, నేను అడిగినట్టే అటూ ఇటూ చూపించాడు.



కంచంలో చెయ్యి ఆరిపోయింది. మళ్ళీ మళ్ళీ చూశాను. తరువాత రిజిస్టరు తీసి, 'ఊళ్ళో లేడు' అన్నదాని పక్కన చోటు లేకపోతే, ఇక్కడ రాసుకుంటున్నాను.

తాతాజీ. నా కళ్ళముందే మింగాడు.